గ్రీన్స్‌బరో స్టూళ్ల మీద కూర్చున్నది ఎవరు? సిట్-ఇన్ ఫొటోల గురించి సాయం కావాలి

చరిత్రపాఠం
అందరికీ నమస్కారం. మా డిగ్రీ కళాశాల చరిత్ర విభాగం తరఫున ఒక ఫొటో ప్రదర్శన సిద్ధం చేస్తున్నాం. 1960లలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వర్ణవివక్షకు ఎదురుతిరిగి విద్యార్థులు జరిపిన సిట్-ఇన్‌లు అంశం. తెల్లవారికి మాత్రమే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గరికి వెళ్లి కూర్చోవడం, ఆర్డరు చెప్పడం, తెచ్చి పెట్టకపోయినా లేవకపోవడం. ఇంతే ఆ పోరాటం. గోడ మీద పన్నెండు ఫొటోలకే చోటుంది, అందుకని ఆచితూచి ఎంచుకోవాలి.

ముందుగా అందరూ చూసిన గ్రీన్స్‌బరో ఫొటో పెడదామనుకున్నాం. స్టూళ్ల మీద నలుగురు యువకులు, తల తిప్పి కెమెరా వైపు చూస్తూ ఉంటారు. "1960 ఫిబ్రవరి 1, సిట్-ఇన్ మొదలుపెట్టిన నలుగురు" అని చాలాచోట్ల దాని కింద రాసి ఉంది. కొన్నిచోట్ల మాత్రం ఇద్దరి పేర్లు వేరుగా కనిపిస్తున్నాయి. ఏది నిజమో తెలిసినవారు చెప్పగలరా? పిల్లలకు తప్పు పేర్లు నేర్పడం నాకు ఇష్టం లేదు.

కేరీవాసి
చరిత్రపాఠం గారూ, నేను ఉండేది నార్త్ కరొలైనాలోనే. గ్రీన్స్‌బరో మా ఊరి నుంచి కారులో గంటంబావు ప్రయాణం. ఆ సిట్-ఇన్ జరిగిన వూల్‌వర్త్ దుకాణం భవనంలోనే ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం ఉంది. 2010 ఫిబ్రవరి 1న, అంటే సరిగ్గా యాభై ఏళ్లకు తెరిచారు.

మీరు చెప్పిన ఫొటో ఫిబ్రవరి 2వ తేదీది, అంటే రెండో రోజుది. ఎడమ నుంచి జోసెఫ్ మెక్నీల్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, బిల్లీ స్మిత్, క్లారెన్స్ హెండర్సన్. వీరిలో మొదటి ఇద్దరే ముందురోజు కూడా కూర్చున్నవారు. మొదటి రోజు వారితో కలిసి కూర్చున్న మిగతా ఇద్దరు ఎజెల్ బ్లెయిర్ జూనియర్, డేవిడ్ రిచ్‌మండ్. వీరు నలుగురూ నార్త్ కరొలైనా వ్యవసాయ, సాంకేతిక కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులు.

మొదటి రోజు కౌంటరు దగ్గర తీసిన ఫొటో లేదు. ఉన్నది దుకాణం నుంచి బయటికి వచ్చాక వీధిలో నలుగురూ పక్కపక్కన నడిచివస్తుండగా స్థానిక పత్రిక ఫొటోగ్రాఫరు జాక్ మీబస్ తీసినది. ఆ కళాశాల ఆవరణలో 2002లో నిలబెట్టిన నలుగురి కంచు విగ్రహానికి ఆ ఫొటోయే ఆధారం. "మొదలుపెట్టిన నలుగురు" అని రాయదలిస్తే ఆ ఫొటో పెట్టండి. స్టూళ్ల ఫొటో పెడితే స్మిత్, హెండర్సన్ల పేర్లు తప్పకుండా రాయండి. ముందురోజు ఏం జరిగిందో విని, దానివల్ల ఏం కావచ్చో తెలిసి కూడా వచ్చి కూర్చున్నవారు వారు. వారి పేర్లు చెరిపి ఇంకొకరి పేర్లు అతికించడం అన్యాయం.

విశాఖపాఠకురాలు
నాకొక సందేహం. ఆ దుకాణంలో నల్లజాతివారు సరుకులు కొనుక్కోవచ్చా? కొనుక్కోవచ్చు గానీ తినకూడదా?

కేరీవాసి
అవునండీ. వూల్‌వర్త్ అంటే ఊరూరా శాఖలున్న, చవక సరుకులమ్మే పెద్ద దుకాణం. సబ్బులు, పుస్తకాలు, టూత్‌పేస్టు అన్నీ ఎవరికైనా అమ్మేవారు. తినే కౌంటరు ఒక్కటే తెల్లవారికి. ఆ నలుగురూ ముందు టూత్‌పేస్టు వంటి చిన్న వస్తువులు కొని, రసీదులు దగ్గర పెట్టుకుని అప్పుడు వెళ్లి కౌంటరు దగ్గర కూర్చున్నారు. కాఫీ అడిగారు. ఇక్కడ మీకు ఇవ్వం అన్నారు. "రెండడుగుల దూరంలో ఇప్పుడే మా డబ్బు తీసుకున్నారు కదా" అన్న వాదనకు ఆ రసీదే సాక్ష్యం. దుకాణం మూసేదాకా కూర్చుని వెళ్లిపోయారు, మర్నాడు మరింతమందితో వచ్చారు.

మెకెయిన్ తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. అక్కడే ఒక తెల్లజాతి ముసలావిడ కూర్చుని వారినే చూస్తూ ఉంది. ఈవిడ ఏం అంటుందోనని ఆయన లోలోపల బిగుసుకుపోయాడు. ఆవిడ లేచి వచ్చి, వారి భుజాల మీద చేతులు వేసి, మిమ్మల్ని చూస్తే గర్వంగా ఉంది, ఈ పని పదేళ్ల కిందటే చేయలేదే అన్నదే నా బాధ అంది. ఎదుటి మనిషి రూపం చూసి ఎన్నడూ అంచనా వేయకూడదని ఆ రోజే తెలుసుకున్నానని మెకెయిన్ అనేవారు.

నల్లమల
విశాఖపాఠకురాలు గారి ప్రశ్న చాలా ముఖ్యమైనది. డబ్బు తీసుకోవడానికి లేని అంటు పక్కన కూర్చుని తినడానికి వస్తుంది. మా తాతగారి తరంలో ఊరి టీకొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. టీ అమ్మేవారు, గ్లాసు వేరు, కూర్చునే చోటు వేరు, తాగాక మనమే కడిగి పెట్టాలి. అందుకే గ్రీన్స్‌బరో కుర్రాళ్లు కాఫీ కోసం వెళ్లారని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. వారు వెళ్లింది ఆ బల్ల ముందు మనుషులుగా కూర్చోవడానికి.

ఇంకొక మాట. ఇది గ్రీన్స్‌బరోతో మొదలైందని రాయకండి. 1939 ఆగస్టు 21న వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో శామ్యూల్ టక్కర్ అనే యువ న్యాయవాది అయిదుగురు నల్లజాతి యువకులను తెల్లవారి గ్రంథాలయానికి పంపాడు. సభ్యత్వం అడగండి, ఇవ్వకపోతే తలా ఒక పుస్తకం తీసుకుని వేరువేరు బల్లల దగ్గర కూర్చుని చదువుకోండి అన్నాడు. వారిని పోలీసులు బయటికి నడిపించుకుపోతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. నీటుగా దుస్తులు వేసుకుని, నిబ్బరంగా నడిచి వస్తున్నారు. 1958లో విచిటాలోని డాకమ్ మందుల దుకాణంలో, ఆ వెంటనే ఓక్లహోమా సిటీలో క్లారా లూపర్ అనే ఉపాధ్యాయురాలి వెంట వచ్చిన పిల్లలూ ఇదే పద్ధతిలో కూర్చుని గెలిచారు. ఫొటో అందరికీ అందలేదు కాబట్టి ఆ ఊళ్ల పేర్లు అందరికీ తెలియవు.

చీకటిగది
నేను విజయవాడలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు ఫొటోలు తీసి రిటైరైనవాణ్ని. ఆ ఫిబ్రవరి 2 ఫొటోను తెర మీద పెద్దదిగా చేసుకుని చూశాను. అందరూ స్టూళ్ల మీదివారినే చూస్తారు. కౌంటరుకు అవతల తెల్లటోపీ పెట్టుకుని నిలబడిన మనిషిని చూడండి. అతనూ నల్లజాతివాడే. ప్లేట్లు తీసి తుడిచే పని అతనిది అయి ఉంటుంది. ఆ కౌంటరుకు అటువైపు నిలబడి రోజంతా పని చేయవచ్చు, ఇటువైపు వచ్చి కూర్చోకూడదు. చట్రంలో ఆ రెండూ ఒకేసారి పడ్డాయి. ఈ ఫొటోకు ప్రాణం ఆ మనిషే అంటాను. పేరేమిటో కేరీవాసి గారికి తెలుసా?

కేరీవాసి
తెలుసండీ. చార్లెస్ బెస్. మీరు అనుకున్న పనే. ఆయన గురించి చెప్పాలంటే జూలై దాకా రావాలి. రోజుకు రోజు విద్యార్థులు పెరిగారు. బెన్నెట్ మహిళా కళాశాల అమ్మాయిలు మొదటి నుంచీ ఆలోచనలోనూ కూర్చోవడంలోనూ ఉన్నారు. ఆ కళాశాల అధ్యక్షురాలు విల్లా ప్లేయర్ విద్యార్థినులను ఆపమని వచ్చిన ఒత్తిడికి లొంగలేదు. నెల తిరిగేలోపు ఉద్యమం ముప్పైకి పైగా ఊళ్లకు పాకింది. గ్రీన్స్‌బరో దుకాణానికి దాదాపు 2 లక్షల డాలర్ల వ్యాపారం పోయిందని లెక్కకట్టారు. చివరికి జూలై 25న యాజమాన్యం దిగివచ్చి కౌంటరు తెరిచింది.

ఆ రోజు అక్కడ మొదట కూర్చుని తిన్న నల్లజాతివారు ఎవరో తెలుసా? ఆ దుకాణం ఉద్యోగులే. వంటగదిలో, కౌంటరు వెనక పని చేసేవారు. జెనీవా టిస్‌డేల్, సూసీ మారిసన్, అనీతా జోన్స్, చార్లెస్ బెస్. పనిబట్టలు మార్చుకుని వచ్చి కూర్చున్నారు. ఆ భోజనానికి పత్రికల హడావిడి లేకుండా యాజమాన్యం జాగ్రత్తపడింది.

చరిత్రపాఠం
చాలా ధన్యవాదాలు. స్టూళ్ల ఫొటో కింద అయిదు పేర్లు వేస్తాం, బెస్ పేరుతో కలిపి. ఇక తర్వాతిది మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో తీసినది. ముగ్గురు కూర్చుని ఉంటారు, వెనక గుంపు వారి నెత్తిన ఏవో పోస్తూ ఉంటుంది. దీన్ని పెట్టాలా వద్దా అని మాలో మాకే తేలడం లేదు.

కృష్ణలంక
పెట్టవద్దని నా అభిప్రాయం. కోపంతో అంటున్నాను, క్షమించండి. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది కెమెరా పట్టుకున్నవాడు. మనుషుల నెత్తిన కెచప్ పోస్తుంటే, సిగరెట్లతో కాలుస్తుంటే, అతను కోణం చూసుకుంటున్నాడు. కెమెరా కిందపెట్టి ఒక్కరినైనా ఆపలేకపోయాడా? అవమానపడుతున్న మనిషిని ఇంకో అరవై ఏళ్లు గోడకు వేలాడదీయడం ఆ అవమానాన్ని పొడిగించడం కాదా? ఆ అమ్మాయి జుట్టు నిండా చక్కెర, ఆవాల ముద్ద. అదే ఆమె గుర్తా?

చీకటిగది
కృష్ణలంక గారూ, మీ కోపం నాకు తెలుసు. ఈ ప్రశ్న నన్నూ ఎన్నోసార్లు నిలబెట్టి అడిగారు. అందుకే తెలిసినంత వివరంగా రాస్తాను.

1963 మే 28. జాక్సన్‌లో క్యాపిటల్ వీధి, అక్కడా వూల్‌వర్త్ దుకాణమే. మొదట కూర్చున్నవారు టూగలూ కళాశాల విద్యార్థులు ముగ్గురు: ఆన్ మూడీ, పర్లీనా లూయిస్, మెంఫిస్ నార్మన్. దగ్గరలోని ఉన్నత పాఠశాల వదిలేసరికి కుర్రాళ్లు గుంపుగా వచ్చిపడ్డారు. నార్మన్‌ను స్టూలు మీద నుంచి లాగి నేలమీద పడేసి తన్నింది ఒక మాజీ పోలీసు. పోలీసులు లోపలికి రాలేదు, బయట నిలబడ్డారు. ఆ తన్నినవాడితో పాటు దెబ్బలు తిన్న నార్మన్‌నూ అరెస్టు చేశారు. ఆ తర్వాత టూగలూలోనే చదువుతున్న తెల్లజాతి అమ్మాయి జోన్ ట్రంపవర్, అక్కడి అధ్యాపకుడు జాన్ సాల్టర్ వచ్చి మూడీ పక్కన కూర్చున్నారు. ఇలా మూడు గంటల దాకా సాగింది. చివరికి కళాశాల అధ్యక్షుడు బీటెల్ స్వయంగా వచ్చాడు, దుకాణం మూశారు.

ఫొటో తీసినవాడు ఫ్రెడ్ బ్లాక్‌వెల్, జాక్సన్ డైలీ న్యూస్ పత్రికలో ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఆ పత్రిక పౌరహక్కుల ఉద్యమానికి బద్ధవ్యతిరేకి. అతను కౌంటరు పైకెక్కి నిలబడి తీశాడు. అందుకే మనకు కూర్చున్న ముగ్గురి వీపులు కాక ముఖాలు, వారి వెనక గుంపు ముఖాలు రెండూ కనబడతాయి. కిందనుంచి తీసి ఉంటే జనం వీపులు తప్ప ఏమీ వచ్చేవి కావు. ఒక్కసారి ఆ వెనక వరసను చూడండి. నవ్వుతున్నారు. ఎవరూ ముఖం దాచుకోలేదు. తాము చేస్తున్నది తప్పని వారిలో ఒక్కడికీ తోచలేదు. మా ఊళ్లో అందరూ సఖ్యంగానే ఉంటాం, బయటివాళ్లే వచ్చి చిచ్చు పెడుతున్నారు అని చెప్పుకునే మాటను ఆ ఒక్క నెగటివ్ కొట్టిపారేసింది. అవమానం ఎవరిదో ఆ ఫొటోలో నాకు చాలా స్పష్టంగా కనబడుతుంది, అది కూర్చున్న ముగ్గురిది మాత్రం కాదు.

ఇక కెమెరా కిందపెట్టడం గురించి. లైఫ్ పత్రికకు ఫొటోలు తీసిన ఫ్లిప్ షుల్కే 1965లో అలబామాలోని సెల్మాలో పోలీసులు పిల్లల్ని తోసేస్తుంటే కెమెరా వదిలి అడ్డం వెళ్లాడు. తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ ఆయన్ను మందలించారట. నీవు ఫొటో తీయలేదు కాబట్టి ఆ పిల్లల్ని కొట్టారన్న సంగతి లోకానికి తెలియదు, మాకు ఇంకొక మనిషి కొట్లాటలో చేరడం కన్నా ఫొటో అవసరం అన్న అర్థంలో. ఇది షుల్కేనే చెప్పుకున్నాడు. ఆ మాట అనే హక్కు కింగ్‌కు ఉంది. నేను అనలేను. నా ముందు లాఠీ దెబ్బ తింటున్న మనిషి ఉన్నప్పుడు నేను ఫొటో తీశాను, ఆ తర్వాతే అతన్ని లేపాను. ఆ వరస సరైనదేనా అన్నది నాలో ఇంకా తెగలేదు.

కృష్ణలంక
వివరంగా రాసినందుకు ధన్యవాదాలు చీకటిగది గారూ. గుంపు ముఖాల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ప్రపంచానికి తెలిసిన ఫొటోలన్నీ కొట్టించుకుంటున్నవే. పిల్లలు గోడ మీద పన్నెండు ఫొటోలు చూసి బయటికి వచ్చేసరికి వారి మనసులో నల్లజాతివారంటే దెబ్బలు తిన్నవారు అన్న ముద్రే పడుతుంది.

నల్లమల
ఇక్కడ నేను కృష్ణలంక గారి పక్షం. అప్పటి పెద్ద పత్రికలు ఎంచుకున్న ఫొటోల్లో అదే లోపం. కదలకుండా కూర్చుని సహించే మనిషి చదువుకున్న తెల్లజాతి పాఠకుడికి సౌకర్యంగా ఉంటాడు. జాలిపడవచ్చు, భయపడనక్కర్లేదు. ఆ కూర్చోవడం వెనక ఉన్న బుద్ధి, వ్యూహం, మొండితనం ఆ ఫొటోల్లో రావు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ సంగతే చూడండి.

జేమ్స్ లాసన్ అనే యువ మత విద్యార్థి 1959 నుంచే ఒక చర్చి నేలమాళిగలో తరగతులు నడిపాడు. డయాన్ నాష్, జాన్ లూయిస్, బెర్నార్డ్ లఫయెట్ అందరూ అక్కడ తయారైనవారే. కొంతమంది కౌంటరు దగ్గర కూర్చున్నట్టు నటించాలి, మిగతావారు తెల్లగుంపులా మీదపడి తిట్టాలి, తోయాలి, సిగరెట్ పొగ ముఖాన ఊదాలి. కిందపడితే తలను, కడుపును ఎలా కాపాడుకోవాలో, పక్కవాడి మీద దెబ్బ పడుతుంటే తన ఒళ్లు ఎలా అడ్డం పెట్టాలో నేర్చుకున్నారు. 1960 ఫిబ్రవరి 27న దాడి జరిగినప్పుడు పోలీసులు 81 మంది విద్యార్థులను పట్టుకుపోయారు. ఒక వరస లేస్తే వెనక నుంచి ఇంకో వరస వచ్చి ఆ స్టూళ్ల మీదే కూర్చుంది. జరిమానా కట్టడానికి ఒప్పుకోలేదు, జైలుకే వెళ్తామన్నారు. ఊళ్లో నల్లజాతి కుటుంబాలు ఈస్టర్ పండగ కొనుగోళ్లు మానేశాయి. ఏప్రిల్ 19న వారి న్యాయవాది లూబీ ఇంటి మీద బాంబు పడితే వేలమంది మౌనంగా నడిచి సిటీ హాలుకు వెళ్లారు. అక్కడ మెట్ల మీద డయాన్ నాష్ మేయరు బెన్ వెస్ట్‌ను నిలదీసి అడిగింది: మనిషి రంగును బట్టి వివక్ష చూపడం తప్పని మీరు అనుకుంటున్నారా లేదా? తప్పే అన్నాడాయన. మే 10న కౌంటర్లు తెరుచుకున్నాయి.

చరిత్రపాఠం గారూ, శిక్షణ తరగతుల ఫొటోలు దొరుకుతాయి. 1960లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో లైఫ్ ఫొటోగ్రాఫరు హోవర్డ్ సోచురెక్ తీసినవి. కూర్చున్న కుర్రాడి ముఖం మీదికి శిక్షణలోని తమవారే పొగ ఊదుతున్న ఫొటో ఒకటుంది. జాక్సన్ ఫొటో పెట్టేటట్టయితే దాని పక్కన ఇది పెట్టండి. ఆ ముగ్గురి నిబ్బరం ఎక్కణ్నుంచి వచ్చిందో పిల్లలకు తెలుస్తుంది.

మూసీతీరం
లాసన్ పేరు వచ్చింది కాబట్టి మన దేశంతో ఉన్న ముడి చెబుతాను. కొరియా యుద్ధానికి వెళ్లనని జైలుకు వెళ్లి వచ్చిన ఆయన, 1953లో మెథడిస్టు చర్చి తరఫున నాగపూర్ వచ్చి హిస్లాప్ కళాశాలలో మూడేళ్లు పనిచేశాడు. గాంధీ పద్ధతిని దగ్గరగా చదువుకున్నది ఇక్కడే. అలబామాలోని మాంట్‌గమరీలో వర్ణవివక్షకు నిరసనగా నల్లజాతివారు బస్సులెక్కడం మానేసిన వార్తను ఆయన చదివింది నాగపూర్ పత్రికలో. నాష్‌విల్ నేలమాళిగలో నేర్పిన పాఠానికి మూలాలు మనకు రైలుదూరంలో ఉన్నాయి. ఆ పాఠం చెప్పినందుకు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1960 మార్చిలో ఆయన్ను బహిష్కరించింది.

రెండో ముడి రామ్‌మనోహర్ లోహియా. హైదరాబాద్ నుంచి 'మ్యాన్‌కైండ్' పత్రిక నడిపిన ఆయన ఇక్కడి పాత సోషలిస్టులకు సొంతమనిషి. 1951 అమెరికా పర్యటనలోనే శాసనోల్లంఘన గురించి అక్కడివారితో గట్టిగా మాట్లాడారు. 1964 మే నెలలో టూగలూ కళాశాలకు అతిథిగా వెళ్లారు. జాక్సన్‌లో ఒక కెఫెటీరియాకు వెళ్తే రంగు చూసి గుమ్మం దగ్గరే ఆపారు. మర్నాడు మళ్లీ వస్తానని ముందే చెప్పి, ధోవతి కుర్తాతో వెళ్లి నిలబడ్డారు. పోలీసులు వ్యాన్‌లో ఎక్కించుకుపోయి తర్వాత వదిలేశారు. అది మే 28, చీకటిగది గారు చెప్పిన వూల్‌వర్త్ ఘటనకు సరిగ్గా ఏడాది. అమెరికా విదేశాంగ శాఖ క్షమాపణ చెబితే, నాకెందుకు, స్వేచ్ఛా ప్రతిమకు చెప్పుకోండి అన్నారు. ఆయన అప్పటికి మన లోక్‌సభ సభ్యులు. ఆ కెఫెటీరియాకు అది లెక్కలోకి రాలేదు.

విశాఖపాఠకురాలు
లోహియా సంగతి ఇప్పుడే వింటున్నాను. మా నాన్నగారికి చదివి వినిపించాను, చాలాసేపు మాట్లాడారు. ఇంకొక ప్రశ్న. ఆ ఊళ్ల పత్రికలు ఈ ఫొటోలన్నీ వేసేవా?

చీకటిగది
చాలావరకు వేసేవి కావు. 2004లో అలబామాలోని బర్మింగ్‌హామ్ న్యూస్ పత్రిక కార్యాలయంలో అలెగ్జాండర్ కోన్ అనే శిక్షణ ఫొటోగ్రాఫరు పరికరాల గదిలో ఒక పెట్టె చూశాడు. దాచండి, అమ్మవద్దు అని పైన రాసి ఉంది. లోపల 1950 నుంచి 1965 దాకా ఆ పత్రిక ఫొటోగ్రాఫర్లు తీసిన దాదాపు 5,000 నెగటివ్‌లు. ఎన్నో అచ్చుకాని ఫొటోలు. 2006లో గానీ ఆ పత్రిక వాటిని పాఠకులకు చూపలేదు. ఒక ఫొటోగ్రాఫరుగా ఇది చదివినప్పుడు నా గుండె పట్టేసింది. ఆ మనుషులు ఎండలో, గొడవలో నిలబడి తీసుకొచ్చారు, డార్క్‌రూమ్‌లో కడిగారు, ఎడిటరు బల్ల మీద పెట్టారు. అక్కడితో ఆగిపోయాయి.

వేసినచోటా కథ అంత సులువు కాదు. 1960 ఫిబ్రవరిలో మాంట్‌గమరీలో అలబామా స్టేట్ విద్యార్థులు కోర్టు భవనంలోని తినే గదిలో కూర్చున్నారు. రెండు రోజులకు వీధిలో ఒక తెల్లజాతీయుడు నల్లజాతి మహిళ మీదికి బేస్‌బాల్ బ్యాటు ఎత్తుతుండగా చార్లెస్ మూర్ ఫొటో తీశాడు. మాంట్‌గమరీ అడ్వర్టైజర్ అచ్చువేసింది. శిక్ష మాత్రం కూర్చున్నవారికి పడింది, తొమ్మిది మంది విద్యార్థులను కళాశాల నుంచి తీసేశారు.

కృష్ణలంక
ఇంకొకవైపు కూడా రాయాలి. కెమెరాలు పోలీసుల చేతుల్లోనూ ఉన్నాయి. మిసిసిపీలో 1956లో ఒక ప్రభుత్వ నిఘా కమిషన్ పెట్టారు. ఊరేగింపుల్లో, సిట్-ఇన్‌లలో పాల్గొన్నవారి ఫొటోలు సేకరించి, ఎవరెవరో గుర్తించి దస్త్రాలు కట్టింది. ఆ దస్త్రాలు 1998లో గానీ ప్రజలకు అందలేదు. టెనెసీలోని మెంఫిస్ నగరంలో ఉద్యమం లోపలి మనిషిగా అందరూ నమ్మిన నల్లజాతి ఫొటోగ్రాఫరు ఎర్నెస్ట్ విథర్స్ ఎఫ్‌బీఐకి సమాచారం ఇచ్చేవాడని ఆయన చనిపోయాక, 2010లో బయటపడింది. ఆయన తీసినవి గొప్ప ఫొటోలే. ఆ కెమెరా ముందు నిర్భయంగా నిలబడినవారి నమ్మకం ఏమైనట్టు?

నల్లమల
విథర్స్ విషయం నాకూ బాధ కలిగిస్తుంది. అయితే ఉద్యమం తన కెమెరాలను తానే తయారుచేసుకుంది. 1960 ఏప్రిల్‌లో ఎల్లా బేకర్ చొరవతో రాలీ నగరంలోని షా విశ్వవిద్యాలయంలో ఏర్పడిన విద్యార్థి అహింసా సమన్వయ సంఘం, అందరూ స్నిక్ అనేది, అట్లాంటాలో సొంత డార్క్‌రూమ్ పెట్టుకుంది. 1962లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల డానీ లయన్ వారి మొదటి ఫొటోగ్రాఫరు. ఆ తర్వాత మరియా వరేలా, బాబ్ ఫ్లెచర్, కెనడా నుంచి వచ్చిన టామియో వాకయామా వంటివారు చేరారు. 1963 డిసెంబరులో అట్లాంటాలో టాడిల్ హౌస్ అనే చిన్న హోటల్లో జరిగిన సిట్-ఇన్‌ను లయన్ లోపలి నుంచి తీశాడు. అందులో ఎవరూ దెబ్బలు తినడం లేదు. స్టూళ్ల మీద స్నేహితులు కూర్చుని ఉన్నారు, కబుర్లు, విసుగు, ఎదురుచూపు.

లీస్‌బర్గ్ ఫొటోలు కూడా పరిశీలించండి. 1963 జూలైలో జార్జియాలోని అమెరికస్‌లో సినిమా హాలు ముందు ద్వారం నుంచి టికెట్లు కొనడానికి ప్రయత్నించిన నల్లజాతి బాలికలను అరెస్టు చేశారు. చాలామంది పన్నెండు, పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు. ఊరికి దూరంగా లీస్‌బర్గ్‌లో ఒక పాత కొట్టంలో వారాల తరబడి బంధించారు. మంచాలు లేవు, మరుగుదొడ్డి పనిచేయదు. వారు ఎక్కడున్నారో తల్లిదండ్రులకు కూడా ముందు చెప్పలేదు. డానీ లయన్ కారులో దాక్కుని వెళ్లి, కాపలావాడిని ఇంకొకరు మాటల్లో పెట్టగా, కటకటాల సందుల్లోంచి ఫొటోలు తీశాడు. స్నిక్ వాటిని బయటపెట్టాక పిల్లల విషయం వాషింగ్టన్ దాకా వెళ్లింది, తర్వాత విడుదలయ్యారు. కృష్ణలంక గారూ, ఆ పిల్లలు కటకటాల వెనక నుంచి కెమెరాను సూటిగా చూస్తున్నారు. దయచేసి ఒకసారి చూసి చెప్పండి.

కృష్ణలంక
చూశాను. ఇది తప్పక పెట్టండి. జాక్సన్ ఫొటో మీద నా అభ్యంతరం ఉంది, కానీ పీటర్స్‌బర్గ్ శిక్షణ ఫొటో పక్కన ఉంటే ఒప్పుకుంటాను.

చరిత్రపాఠం
అలాగే చేస్తాం. అలెగ్జాండ్రియా గ్రంథాలయం మొదట, గ్రీన్స్‌బరో వీధి ఫొటో, స్టూళ్లు, పీటర్స్‌బర్గ్, జాక్సన్ పక్కపక్కన, టాడిల్ హౌస్, చివర్లో లీస్‌బర్గ్. లోహియా గారి గురించి వేరే కాగితం మీద రాసి పెడతాం. బెన్నెట్ అమ్మాయిలు కనిపించే మంచి ఫొటో ఉంటే కేరీవాసి గారు చూడగలరా? ఇంకొకటి, చీకటిగది గారూ, లీస్‌బర్గ్ ఫొటో మాకు చిన్న సైజులోనే దొరికింది. చిన్నగానే వేయమంటారా?

కేరీవాసి
వచ్చే వారం గ్రీన్స్‌బరో వెళ్తున్నాను. మ్యూజియంలో అడిగి, అనుమతి సంగతి కూడా కనుక్కుని రాస్తాను.

చీకటిగది
చిన్నగా వేయవద్దు. పెద్ద ఫైలు దొరికేదాకా ఆగండి, లేకపోతే ముందు వరసలోని ముగ్గురు నలుగురే కనిపిస్తారు, వెనక గోడకు ఆనుకున్న పిల్లలు నల్లమరకల్లా కలిసిపోతారు. అమెరికా సంస్థల సేకరణల్లో పెద్దవి ఉంటాయి, రాసి అడగండి, విద్యాసంస్థ అంటే సాధారణంగా ఇస్తారు. కనీసం పద్దెనిమిది అంగుళాల వెడల్పు ఉండాలి, మెరుపు కాగితం వద్దు. ట్యూబ్‌లైటు వెలుతురు దాని మీద పడి ముఖాలు కనబడవు. పిల్లల కళ్లకు అందే ఎత్తులో, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర వేలాడదీయండి.